చిట్టా నుంచి ఆవర్జాకు

రాయలసీమ మెట్ట రైతు నోట రెండు మాటలు జంటగా వినిపిస్తాయి: అదను, పదును. అదను కాలానికి సంబంధించింది, పదును నేలకు సంబంధించింది. వాన కురిసిన మర్నాడు రైతు చేలోకి పోయి, వేళ్లతో మట్టి పెకిలించి, తడి ఎంత లోతు దిగిందో చూస్తాడు. జానెడు దిగితే గొర్రు కట్టొచ్చు. బెత్తెడే దిగితే ఇంకో వాన కోసం ఆగాలి. ఇంట్లో గోడవారన ఒలిచి పెట్టుకున్న శెనక్కాయ విత్తనం ఉంటుంది, దాని వెనక అప్పు ఉంటుంది. తొందరపడి విత్తితే మొలక మాడిపోవచ్చు. ఆగితే ఈ పదును ఆరిపోతుంది, మళ్లీ ఎప్పుడు వస్తుందో తెలియదు.

అనంతపురంలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లు. పడమటి కనుమల చాటున ఉండడంతో నైరుతి గాలి ఇక్కడికి వచ్చేసరికి దానిలో తేమ సన్నగిల్లుతుంది. తూర్పు తీరానికి దూరం కాబట్టి బంగాళాఖాతం వాయుగుండాల వాన కూడా అరకొరగానే అందుతుంది. గాలి మాత్రం పుష్కలం. రామగిరి గుట్టల మీద గాలిమరలు తిరిగేది అందుకే. ఈ కొద్దిపాటి వానను నమ్ముకుని ఒక దశలో లక్షల హెక్టార్లలో వేరుశనగ వేశారు. ఆ పంటను ఎప్పుడు విత్తాలన్న ప్రశ్న మన దేశంలో కంప్యూటర్ అనుకరణకు అందిన మంచి ప్రశ్నల్లో ఒకటి. అనుకరణ సాఫ్ట్‌వేర్ కథలు ఎక్కువగా విమానాల రెక్కలతోనో రాకెట్లతోనో మొదలవుతాయి. దీన్ని ఎర్రమట్టి నుంచి మొదలుపెట్టడమే న్యాయమని నాకనిపిస్తుంది. విమానం దగ్గరికి కూడా వెళ్దాం. దానికీ ఈ జిల్లా ఊరిపేరే దారి చూపిస్తుంది.

బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో రుతుపవనాలను అధ్యయనం చేసిన సులోచన గాడ్గిల్, పి.ఆర్. శేషగిరిరావు, కె. నరహరి రావులతో కలిసి అనంతపురం ప్రాంతపు వర్షాధార వేరుశనగ మీద పనిచేసి, 2002లో ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. వాళ్లు వాడిన సాఫ్ట్‌వేర్ పేరు పీనట్‌గ్రో. 1980లలో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో కెన్నెత్ బూట్, జేమ్స్ జోన్స్‌ల బృందం దాన్ని ఫోర్ట్రాన్ భాషలో రాసింది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు దాన్ని మన దేశపు నేలలకూ రకాలకూ సరిచూశారు. అలా సరిచూసిన రకాల్లో రోబట్ 33-1 ముఖ్యమైనది. మనవాళ్లకు అది కదిరి-3.

పీనట్‌గ్రో చేసే పని చెప్పడం తేలిక. రోజుకు నాలుగు అంకెలు తీసుకుంటుంది: గరిష్ఠ ఉష్ణోగ్రత, కనిష్ఠ ఉష్ణోగ్రత, ఎండ తీవ్రత, వాన. నేలను పొరలు పొరలుగా ఊహించుకుని, ఏ పొరలో ఎంత తడి ఉందో, వేరు ఎంత లోతు దిగిందో, ఆకు ఎంత నీటిని ఆవిరిగా వదిలిందో లెక్కగడుతుంది. మర్నాటి లెక్క నిన్నటి లెక్క మీద నిలబడుతుంది. పూత ఎప్పుడు వచ్చింది, ఊడలు ఎప్పుడు దిగాయి, కాయ ఊరే రోజుల్లో నేలలో తడి ఉందా లేదా అన్నవి అడుగడుగునా చూసుకుంటూ, నాలుగు నెలల పంటకాలాన్ని రెప్పపాటులో నడిపించి చివరకు హెక్టారుకు ఇన్ని కిలోలని చెబుతుంది.

ఒక్కసారి నడిపితే ఒక్క జవాబు వస్తుంది. రైతు ప్రశ్నకు ఒక్క జవాబు చాలదు. ఆ ప్రాంతంలో విత్తు జూన్ 22 నుంచి ఆగస్టు 17 దాకా సాగుతుందని ఆ పత్రం పరిగణించింది. అంటే 57 రోజులు. నా సొంత లెక్కగా ఒక ఊహ చేస్తాను. 80 ఏళ్ల వాన వివరాలున్నాయనుకోండి: 57 తేదీలను 80తో గుణిస్తే 4,560 పంటలు. మూడు రకాల నేలలు, మూడు విత్తన రకాలు కలిపితే 41,040. 2022లో విడిపోక ముందటి పాత అనంతపురం జిల్లాలోని 63 మండలాలకూ విడివిడిగా వేస్తే 25 లక్షల 85 వేలు దాటుతుంది. ఇన్ని లక్షల పంటలు విత్తి, పెంచి, కోసి చూడాలి. ఇక్కడి నుంచి ఇది వ్యవసాయశాస్త్రంతో పాటు సాఫ్ట్‌వేర్ నిర్మాణ సమస్య కూడా అవుతుంది.

ఇక ఆ నాలుగు అంకెలు ఎక్కడివి? గడిచిన ఏళ్లవైతే వానమాపకాల నుంచి వస్తాయి. రాబోయే రోజులవైతే ఇంకో అనుకరణ నుంచి, ఇంతకంటే ఎన్నో రెట్లు బరువైన వాతావరణ అనుకరణ నుంచి రావాలి. ఆ దారిలోనే రొద్దం ఎదురవుతుంది.

పెనుకొండ దగ్గరి ఊరు రొద్దం. అప్పట్లో అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. ఆ ఊరి పేరే ఇంటిపేరైన కుటుంబంలో 1933లో బెంగళూరులో పుట్టినవాడు రొద్దం నరసింహ. పారే ద్రవాలు, వీచే గాలులు ఎందుకు సుళ్లు తిరుగుతాయి, సుళ్లు తిరిగేది మళ్లీ ఎప్పుడు నెమ్మదిస్తుంది అన్న ప్రశ్నతో జీవితమంతా గడిపినవాడు. భారతీయ విజ్ఞాన సంస్థలో 1982లో వాతావరణ శాస్త్ర కేంద్రం ఆయన చొరవతోనే మొదలైంది. గాడ్గిల్ పనిచేసింది ఆ కేంద్రంలోనే. నరసింహ 1984లో జాతీయ వైమానిక ప్రయోగశాల సంచాలకుడయ్యాక, 1986లో అక్కడ యు.ఎన్. సిన్హా సారథ్యంలో ఫ్లోసాల్వర్ అనే సమాంతర కంప్యూటర్ తయారైంది. దేశంలో ఆ తరహా యంత్రాల్లో అది మొదటిది. విమానం చుట్టూ గాలి ఎలా పారుతుందో లెక్కించడానికి, చిన్న చిన్న ఇంటెల్ ప్రాసెసర్లను జతకట్టి కట్టిన యంత్రమది. అమెరికా సూపర్‌కంప్యూటర్లు అమ్మడానికి ఆంక్షలు పెట్టిన కాలం. ఢిల్లీలో వాతావరణ అంచనాల కోసం క్రే ఎక్స్-ఎంపీ యంత్రం ఒకటి రావడానికి చాలా బేరసారాలు జరిగాయి. ఆ క్రే మీద నడిచిన టీ-80 అనే ప్రపంచ వాతావరణ నమూనాను తొంభైలలో ఫ్లోసాల్వర్ మీద కూడా నడిపించారు.

టీ-80 నమూనా భూమిని గడులుగా పంచుకుని లెక్క వేస్తుంది; ఒక్కో గడి అడ్డం నిలువు దాదాపు 150 కిలోమీటర్లు. వైశాల్యం 22,500 చదరపు కిలోమీటర్లు. పాత అనంతపురం జిల్లా మొత్తం 19,130 చదరపు కిలోమీటర్లే. వైశాల్యం లెక్కన చూస్తే జిల్లా అంతా ఒక గడి కంటే చిన్నదే. ఆ నమూనా దృష్టిలో జిల్లాలో దాదాపు అంతటా ఒకే వాన. తర్వాత వచ్చిన 12 కిలోమీటర్ల గడులతో జిల్లాకు సుమారు 133 గడులు వస్తాయి, సగటున మండలానికి రెండు. 2025 మేలో మొదలైన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌లో గడి 6 కిలోమీటర్లు, అంటే జిల్లాకు 530 పైచిలుకు.

గడిని సగానికి తగ్గిస్తే పని రెట్టింపు అవుతుందని అనుకోకూడదు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడింటిలోనూ సగం చేస్తే గడులు ఎనిమిది రెట్లవుతాయి. గడి చిన్నదైంది కాబట్టి గాలి దాన్ని సగం కాలంలోనే దాటేస్తుంది, కనుక లెక్కలో కాలాన్ని కూడా సగం సగం అడుగులుగా వేయాలి. మొత్తం పదహారు రెట్లు. సుడిగాలిలోని అతి చిన్న సుడిని కూడా వదలకుండా పట్టాలంటే ఇంకా కష్టం: ప్రవాహపు ఉద్ధృతిని కొలిచే రెనాల్డ్స్ సంఖ్య పదిరెట్లు పెరిగితే, కావలసిన బిందువులు దాదాపు 178 రెట్లు పెరుగుతాయి. నరసింహ చివరి దశాబ్దంలో బెంగళూరు జక్కూరులోని జవహర్‌లాల్ నెహ్రూ కేంద్రంలో, ఎస్.ఎం. దేశ్‌పాండే తదితరులతో కలిసి ఇలాంటి లెక్కలకే దిగారు. జెట్ ఇంజన్ టర్బైన్ రెక్క మీద గాలిపొరకు ‘అనురూప్’ అనే సాఫ్ట్‌వేర్, మేఘం పైకి పొంగే తీరుకు ‘మేఘ-5’. ఇంజన్‌లోనూ ఆకాశంలోనూ సమీకరణాల కుదురు ఒకటే.

ఇప్పుడు యంత్రం లోపలికి వెళ్దాం. ప్రాసెసర్ రెండు అంకెలను కూడటానికి నానోసెకను కూడా పట్టదు. ఆ అంకెలను ప్రధాన మెమరీ నుంచి తెచ్చుకోవడానికి మాత్రం వంద నానోసెకన్ల దాకా పడుతుంది. వేరుశనగ ఒలిచే ఇంట్లో ఇది కళ్లారా చూడొచ్చు. చేటలో కాయలున్నంతసేపు చెయ్యి ఆగదు. చేట ఖాళీ అయితే లేచి గదిలో మూట విప్పాలి. గదిలో అయిపోతే ఊరి గోదాముకు బండి కట్టాలి. ఒలిచే చెయ్యి ఎంత చురుకైనదైనా, ప్రతి కాయకూ గోదాముకు పోయి వస్తే పొద్దుగూకేసరికి పిడికెడు గింజలే తేలతాయి. వేగమైన సాఫ్ట్‌వేర్ రాయడమంటే చాలావరకు చేట ఖాళీ కాకుండా చూసుకోవడమే. కొత్తగా ఈ రంగంలోకి వచ్చేవాళ్లు సూత్రాన్ని చిన్నది చేయడానికే తంటాలు పడతారు. కాలం పోయేది బండి ప్రయాణంలో.

ప్రాసెసర్ మెమరీ నుంచి ఒక్క అంకెను విడిగా తీసుకోదు. పక్కపక్కన ఉన్న ఎనిమిదింటిని ఒకే పిడికిలిగా తెచ్చుకుంటుంది. వాటన్నిటినీ వెంటనే వాడుకుంటే ఏడు అంకెలు వెంట ఊరికే వచ్చినట్టు. ఒక్కటి వాడి మిగతావి పారేస్తే ఎనిమిదో వంతే దక్కినట్టు. ఫోర్ట్రాన్‌లో ఒక పట్టికను నిలువు వరసల వెంట పేర్చుతారు, సీ భాషలో అడ్డు వరసల వెంట. సాలు వెంట నడుస్తూ విత్తేవాడికీ, ప్రతి గింజకూ సాళ్లకు అడ్డంగా దూకేవాడికీ ఉన్న తేడా ఇది. ప్రోగ్రాంలో రెండు లూపుల వరసను తారుమారు చేస్తే చాలు, జవాబు మారదు, పట్టే సమయం చాలా రెట్లు మారవచ్చు.

గొర్రు సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. ఒక కాడి ఎద్దులు, ఒక మనిషి తోలడం, పైన జడ్డిగం, దాని నుంచి గొట్టాల గుండా గింజలు నాలుగైదు పళ్ల వెంట ఒకేసారి సాళ్లలోకి జారడం. ఒకే నడక, అనేక సాళ్లు. క్రే ఎక్స్-ఎంపీ చేసిన పని సరిగ్గా ఇదే. దానిలోని ఒక్కో వెక్టర్ రిజిస్టర్ 64 అంకెలను పట్టుకుంటుంది, ఒకే ఆదేశంతో వాటన్నిటి మీదా ఒకే పని జరుగుతుంది. ఇవాళ్టి మామూలు సర్వర్ ప్రాసెసర్లు కొన్ని ఎనిమిది అంకెల మీద ఇలా పనిచేస్తాయి. గొర్రుకు ఒక షరతుంది: సాళ్లన్నీ ఒకే తీరుగా సాగాలి. మధ్యలో బండరాయి వస్తే గొర్రు మొత్తం ఎత్తాల్సిందే. ప్రోగ్రాంలో ప్రతి గడికీ ‘వాన పడిందా లేదా’ అని ఆగి అడిగే షరతే ఆ బండరాయి. అందుకే ఆ ప్రశ్నను లూపు బయటకు తీయడమో, గుణకారంగా మార్చడమో నేర్చుకుంటారు.

ఒక యంత్రం చాలకపోతే పొలాన్ని మడులుగా పంచి వేల ప్రాసెసర్లకు అప్పజెబుతారు. గట్టు దగ్గరి గడులకు పక్కమడి అంకెలు కావాలి, ప్రతి కాలపు అడుగులోనూ గట్టు వెంట ఇచ్చిపుచ్చుకోవాలి. పంట అనుకరణల్లో ఈ బాధ లేదు, ఏ పంటకు ఆ పంట విడి. టీ-80 వంటి నమూనాల్లో మాత్రం మరీ ఎక్కువ, ఎందుకంటే అక్కడ భూగోళం మొత్తాన్ని అలలుగా విడదీసి మళ్లీ కలుపుతారు, అందరి అంకెలూ అందరికీ చేరాలి. ఫ్లోసాల్వర్ బృందం తర్వాతి కాలంలో దీనికోసమే ఒక స్విచ్చు తయారుచేసింది. అది అంకెలను చేరవేయడంతో ఆగక, దారిలోనే కొంత కూడిక కూడా చేస్తుంది. బండి ప్రయాణం తప్పనప్పుడు బండిలోనే కూర్చుని కాయలు ఒలవడమన్నమాట.

ఇక ఈ అధ్యాయానికి పేరునిచ్చిన విషయం.

పాతకాలపు షావుకార్ల దగ్గర రెండు పుస్తకాలుండేవి. చిట్టాలో రోజువారీగా రాసేవారు: ఈ రోజు ఎవరెవరు ఏం తీసుకున్నారు, ఎంత కట్టారు. ఆవర్జాలో మనిషివారీగా రాసేవారు: ఒక్కొక్కరికి ఒక్కో పేజీ, ఆ పేజీలో ఏళ్ల తరబడి లెక్క. రెండింటిలో ఉన్న అంకెలు ఒకటే. ‘నిన్న ఎంత బేరం జరిగింది’ అంటే చిట్టా చెబుతుంది. ‘ఫలానావాడు ఎంత బాకీ’ అంటే ఆవర్జా తీయాలి. ఆవర్జా లేకపోతే ఒక మనిషి బాకీ తేల్చడానికి చిట్టా మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిరగేయాలి.

వాతావరణ నమూనా చిట్టా రాస్తుంది. రాయక తప్పదు, అది కాలం వెంట నడుస్తుంది కాబట్టి. ఇవాళ్టికి దేశమంతటి గడులూ ఒక పేజీ, రేపటికి ఇంకో పేజీ. పంట నమూనాకు కావలసింది ఆవర్జా: ఒక్క గడికి అన్ని రోజులూ.

అంకెల్లో చూద్దాం. 12 కిలోమీటర్ల గడులతో మన దేశానికి దాదాపు 22,800 గడులు. 40 ఏళ్లంటే 14,610 రోజులు. రొద్దం ఉన్న ఒక్క గడికి, రోజుకు నాలుగు అంకెల చొప్పున, కావలసినవి 58,440 అంకెలు. అంకెకు ఎనిమిది బైట్లు వేసుకుంటే మొత్తం అర మెగాబైటు కూడా కాదు. ఇవి చిట్టాలో చెల్లాచెదురుగా ఉన్నాయి. డిస్కు సాధారణంగా 4 కిలోబైట్లకు తక్కువ ముక్కను కదిలించదు, కనుక ఒక్కో అంకె కోసం 512 అంకెల ముక్కను లాగాలి. అర మెగాబైటు కోసం 230 మెగాబైట్లకు పైగా కదిలినట్టు. ఇక ప్రతి రోజు పేజీని చోటు కలిసొస్తుందని మొత్తంగా కుదించి దాచారనుకోండి, నాలుగు అంకెల కోసం పేజీ అంతా విప్పాలి. అప్పుడు విప్పింది 10 గిగాబైట్లు దాటుతుంది. ఇదే పనిని జిల్లాలోని ప్రతి గడికీ మొదటి నుంచి చేసే ప్రోగ్రాం రాస్తే టెరాబైటుకు పైగా తిరగేసినట్టు. ప్రాసెసర్ ఇదంతా అయ్యేదాకా ఖాళీ చేటతో కూర్చుంటుంది.

మందు ఆ షావుకారుకు తెలిసిందే: చిట్టాను ఆవర్జాకు ఎక్కించాలి. ఒక్కో గడి కోసం కాకుండా, ఏడాది చిట్టాను ఒక్కసారి మెమరీలోకి తెచ్చుకుని, అడ్డాన్ని నిలువు చేసి, అందరి పేజీల్లోకీ ఒకే విడతలో రాయాలి. నడిమి మార్గం కూడా ఉంది. నెట్‌సీడీఎఫ్, హెచ్‌డీఎఫ్-5 వంటి ఫైలు పద్ధతులు అంకెలను దిమ్మెలుగా దాచనిస్తాయి: ముప్పై రోజులు, ఇరవై గడుల పొడవు, ఇరవై గడుల వెడల్పు ఒక దిమ్మె. రోజును అడిగినా, ఊరిని అడిగినా మరీ ఎక్కువ దిమ్మెలు కదలవు. దిమ్మె కొలతలు ఎంతుండాలన్నది ఎవరు ఏ ప్రశ్న అడుగుతారన్నదాన్ని బట్టి ఉంటుంది. సాఫ్ట్‌వేర్ నిర్మాణంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచే నిర్ణయం ఇదే. ఫైలును ఎలా పేర్చామన్నదానిలోనే ఎవరి ప్రశ్నకు త్వరగా జవాబు దొరకాలో ముందే రాసి ఉంటుంది. చిట్టాగానే వదిలేసిన దత్తాంశం ఢిల్లీలో పటం గీసేవాడికి అందుతుంది, రొద్దం రైతుకు అందదు.

పంట నమూనా బయటకు రాసేటప్పుడూ ఇదే చిక్కు. పీనట్‌గ్రో వంశపు సాఫ్ట్‌వేర్లు ఫలితాలను చిన్న చిన్న అక్షర ఫైళ్లుగా రాస్తాయి. ఒక పొలానికైతే అది చదువుకోవడానికి హాయి. పాతిక లక్షల పంటలకు పాతిక లక్షలకు మించిన ఫైళ్లు పుడితే వాటి పేర్లు గుర్తుపెట్టుకోవడానికే డిస్కు అలసిపోతుంది. అన్నిటినీ ఒక పెద్ద ఫైల్లో, ముందే కేటాయించిన చోట్లలో రాయించాలి.

ఏది దాచాలి, ఏది వదలాలి అన్నది దీనికంటే పెద్ద ప్రశ్న. 16 కోట్ల బిందువుల గాలి అనుకరణలో బిందువుకు ఐదు అంకెలు దాస్తే ఒక్క క్షణపు చిత్రమే 6.4 గిగాబైట్లు, వెయ్యి క్షణాలకు 6.4 టెరాబైట్లు. అన్నీ దాచలేరు కాబట్టి నడుస్తుండగానే సగటులు తీసి మిగతాది వదిలేస్తారు. టర్బైన్ రెక్కకు అది చాలాసార్లు సరిపోతుంది. అనంతపురంలో సగటు ప్రమాదం. ఒకే గడిలో రెండు చేలున్నాయి. ఒకదాని మీద 40 మిల్లీమీటర్లు కురిసింది, రెండోది ఎండింది. విత్తడానికి 25 కావాలనుకుందాం. నిజానికి ఒకరు విత్తారు. గడి సగటు 20 కాబట్టి, ప్రోగ్రాం లెక్కలో ఎవరూ విత్తలేదు. నెలవారీ సగటు ఇంతకంటే చెడ్డది. ఊడలు దిగే రోజుల్లో వచ్చిన మూడు వారాల బెట్టను ఆ నెలాఖరు జడివాన కప్పేస్తుంది. అందుకే ఈ ప్రాంతపు ఫైళ్లలో రోజువారీ అంకెను ఎంత చోటు పట్టినా ఉంచాలి. అదృష్టం ఏమిటంటే పట్టే చోటు తక్కువే. ఏడాదిలో ఎక్కువ రోజులు సున్నాలే, వరస సున్నాలు బాగా కుదించుకుంటాయి.

సున్నా దగ్గర ఇంకో జాగ్రత్త అవసరం. కొలత దొరకని రోజుకు ఈ సాఫ్ట్‌వేర్లలో −99 అని రాయడం ఆనవాయితీ. శుద్ధి చేసేవాడు తొందరలో దాన్ని సున్నాగా మారిస్తే, వానమాపకం చెడిన వారం బెట్ట వారం అవుతుంది. పచ్చని డెల్టాలో ఆ తప్పు ఇట్టే కంటబడుతుంది. ఇక్కడ సున్నా మామూలు అంకె, కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, దిగుబడి పట్టికలో లేని కరువు ఒకటి చేరిపోతుంది.

గాడ్గిల్ బృందం తేల్చింది ఇది. జూన్ 22 నుంచి ఆగస్టు 17 దాకా రైతులు పాటిస్తున్న వెడల్పాటి కాలపరిమితి, పంట పూర్తిగా దెబ్బతినే ప్రమాదాన్ని తగ్గించడానికి సరైనదే. దానిలోపల, జూలై సగం దాటాక విత్తితే దిగుబడి మెరుగు, ప్రమాదం తక్కువ. మొదటి భాగం రైతుకు తెలిసిందే. రెండో భాగం అతన్ని ఇరకాటంలో పెడుతుంది. జూన్ 25న పదును దొరికింది, జూలై 15 తర్వాత మళ్లీ దొరుకుతుందా? దీనికి ఒక్క సగటు అంకె జవాబు కాదు.

రొద్దం గడికి ఆవర్జాలో ఒక పేజీ తెరుద్దాం. ఎడమ పక్కన విత్తిన తేదీలు యాభై ఏడు. ప్రతి తేదీ ఎదురుగా ఎనభై ఏళ్లకు ఎనభై గడులు. ఆ రోజు నేలలో విత్తడానికి పదునే లేని ఏళ్లు ఖాళీగా ఉన్నాయి. పెట్టుబడి కూడా రాని ఏళ్లకు ఎర్రచుక్క పెట్టి ఉంది. జూన్ 25 వరసలో ఎర్రచుక్కలు లెక్కపెట్టాలి. తర్వాత అదే ఏళ్లను పట్టుకుని కిందికి, జూలై 15 తర్వాతి వరసలకు దిగి, అక్కడ ఎన్ని ఏళ్లలో ఖాళీ గడులే ఉన్నాయో కూడా లెక్కపెట్టాలి.